వేడిని పుట్టించాలా? తోడుకోవాలా?



గుడివాడలో ఏడవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఈ నెల మన పేజీకి ఇట్లా రాసింది:

"మేష్టారూ! మా బాబాయి వాళ్ళు అమెరికాలో షికాగో దగ్గర ఉంటారు. అక్కడ చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉండటానికి ఫర్నేసు ఉంటుందట. వాళ్ళది పాతబడిపోయింది. మళ్ళీ ఫర్నేసే కొనాలా, లేక హీట్ పంపు పెట్టించాలా అని ఇంట్లో రోజూ చర్చ. హీట్ పంపు బయటి చలిగాలిలోనుంచి వేడిని లాగి ఇంట్లోకి తెస్తుందని బాబాయి ఫోనులో చెప్పాడు. బయట మంచు గడ్డకట్టి ఉంటే ఇక వేడి ఎక్కడిది? బాబాయి నన్ను ఆటపట్టిస్తున్నాడా?"

లేదమ్మా, మీ బాబాయి చెప్పింది నిజమే. అయితే నీకు వచ్చిన సందేహం కూడా మంచిదే. దాని జవాబు తెలిస్తే, మీ ఇంట్లో ఉన్న ఫ్రిజ్ సంగతీ, గిలకలదిండి రేవుకు వెళ్ళే ఐసు సంగతీ కూడా తెలిసిపోతాయి.

మనకు చలి అంటే ఏమిటి? బందరులో ధనుర్మాసపు తెల్లవారుజామున కూడా సాధారణంగా 20 డిగ్రీల దరిదాపున ఉంటుంది. ఒక దుప్పటి కప్పుకుంటే సరి. కాని షికాగోలో 2019 జనవరి 30వ తేదీన సున్నాకు దిగువన 30 డిగ్రీల దాకా పడిపోయింది. అటువంటి చోట ఇల్లు వెచ్చగా ఉంచుకోవడం సుఖం కోసం కాదు, ప్రాణం కోసం. కనుక ఏ యంత్రం కొనాలనే చర్చ చిన్న విషయమేమీ కాదు.

ముందు ఫర్నేసు సంగతి చూద్దాం. పేరు కొత్తగా ఉన్నా వస్తువు మనకు పాతదే. చిలకలపూడిలో నగలు చేసేవారి కొలిమి, ఇటుకల బట్టీ, ధాన్యం మిల్లులో ఊకతో మండే పెద్ద పొయ్యి, ఇవన్నీ ఫర్నేసులే. అమెరికా ఇళ్ళలో ఎక్కువగా గ్యాసు ఫర్నేసులు ఉంటాయి. ఇంటి కింది భాగంలోనో, ఒక మూల గదిలోనో పెద్ద ఇనప పెట్టె ఉంటుంది. అందులో గ్యాసు మండి, కొన్ని లోహపు గొట్టాలను వేడిచేస్తుంది. ఒక ఫ్యాను ఇంట్లోని గాలిని ఆ గొట్టాల మీదుగా తోలి, వెచ్చబడిన గాలిని అన్ని గదులకూ పంపుతుంది. మంట తాలూకు పొగ ఇంటిగాలిలో కలవకుండా వేరే గొట్టం గుండా బయటికి పోతుంది.

గ్యాసు మండగా వచ్చిన వేడి నూరు పాళ్ళనుకుంటే, ఈనాటి మేలురకం ఫర్నేసు అందులో 95 పాళ్ళ దాకా ఇంటికి ఇస్తుంది. పాతవి 80 పాళ్ళో, అంతకన్న తక్కువో ఇస్తాయి. మిగతాది పొగతో పోతుంది. ఎంత గొప్ప ఫర్నేసు అయినా నూటికి నూరు దాటి ఇవ్వలేదు. మండినదాన్ని మించి అది ఎక్కడినుంచి తెస్తుంది?

ఇప్పుడు హీట్ పంపు. ఇది దేన్నీ మండించదు. ఇది చేసే పని తోడటం.

దివిసీమ పిల్లలకు ఇది చప్పున అర్థమవుతుంది. కాలవలో నీరు పల్లాన ఉంది, చేను మెరకన ఉంది. నీరు తనంతట తాను పల్లానికి పోతుందే గాని మెరక ఎక్కదు. పూర్వం ఇద్దరు మనుషులు చెరొకవైపు నిలబడి, తాళ్ళు పట్టుకుని, గూడ వేసి ఆ నీటిని చేలోకి ఎత్తిపోసేవారు. ఇప్పుడు ఇంజను పెడుతున్నారు. ఇంజను నీటిని పుట్టించిందా? లేదు. ఉన్న నీటినే పైకి చేర్చింది.

వేడి కూడా నీటివంటిదే. వేడి ఎప్పుడూ వెచ్చని చోటినుంచి చల్లని చోటికి తనంతట తాను పోతుంది. చల్లని చోటినుంచి వెచ్చని చోటికి తనంతట తాను రాదు. తేవాలంటే గూడ వేయాలి. ఆ గూడ పేరే హీట్ పంపు.

"బాగానే ఉంది, మేష్టారూ. కాని మంచు కురిసే గాలిలో తోడుకోవటానికి వేడి ఉండాలి గదా?" అంటారు మీరు.

ఉంది. చలి అనేది వేరే ఒక వస్తువు కాదు. వేడి తక్కువగా ఉండటాన్నే మనం చలి అంటున్నాం. వేడి ఇక ఏమాత్రం లాగటానికి వీలులేని స్థితి సున్నాకు దిగువన 273 డిగ్రీల వద్ద గాని రాదు. దానితో పోలిస్తే నీరు గడ్డకట్టే సున్నా డిగ్రీలు ఎంతో ఎత్తున ఉన్నట్టు లెక్క! షికాగో చలిగాలిలో కూడా తోడినకొద్దీ వేడి ఉంటుంది. ఆ నీరు పల్లాన ఉందే గాని కాలవ ఎండిపోలేదన్నమాట.

ఇక తోడటం ఎట్లా? దీనికి రెండు చిన్న ప్రయోగాలు చేయండి.

చేతులు శుభ్రం చేసుకునే శానిటైజరు ఒక చుక్క అరచేతిమీద వేసుకుని ఊదండి. చల్లగా లేదూ? ఆ ద్రవం ఆవిరి అయిపోతూ మీ చేతిలోని వేడిని తనతో పట్టుకుపోయింది. ద్రవం ఆవిరి కావాలంటే ఎక్కడినుంచైనా వేడిని తీసుకోవాలి. కూజాలో నీరు చల్లబడటానికి కారణం కూడా ఇదే. ఆ ఆవిరి తిరిగి ద్రవంగా మారితే, తాను తీసుకున్న వేడిని తిరిగి ఇచ్చేస్తుంది.

రెండవది: సైకిలు పంపుతో చక్రానికి గట్టిగా గాలి కొట్టి, పంపు అడుగుభాగం తాకి చూడండి. వెచ్చగా ఉంటుంది. గాలిని ఇరుకున పెట్టి ఒత్తితే అది వేడెక్కుతుంది.

ఈ రెండూ కలిపితే హీట్ పంపు తయారైనట్టే. గొట్టాలలో ఒక ప్రత్యేకమైన ద్రవం తిరుగుతూ ఉంటుంది. ఈనాటి ఏసీలలో విరివిగా వాడే ఆర్-32 అనే పదార్థం సంగతి తీసుకోండి. మామూలు ఒత్తిడిలో అది సున్నాకు దిగువన 52 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. బయటిగాలి సున్నాకు దిగువన 10 డిగ్రీలు ఉన్నా, అటువంటి ద్రవానికి అది వేడిగాలే! కనుక ఇంటి బయటి గొట్టాలలో ఆ ద్రవం గాలిలోని వేడిని తీసుకుని ఆవిరి అవుతుంది. కంప్రెసరు అనే యంత్రం ఆ ఆవిరిని గట్టిగా ఒత్తుతుంది. మీ సైకిలు పంపులో జరిగినట్టే ఆవిరి బాగా వేడెక్కుతుంది. ఆ వేడి ఆవిరి ఇంటి లోపలి గొట్టాలలోకి వస్తుంది. అక్కడ గదిలోని గాలికి తన వేడిని ఇచ్చి మళ్ళీ ద్రవమవుతుంది. ఒక సన్నని దారి గుండా పోయి, ఒత్తిడి తగ్గి, చల్లబడి, మళ్ళీ బయటికి ప్రయాణం కడుతుంది. ఇట్లా ఆ ద్రవం గూడలాగా లోపలికీ బయటికీ తిరుగుతూ వేడిని మోస్తుంది.

ఇది మీరు చూడని యంత్రం కాదు. మీ ఇంట్లో ఫ్రిజ్ చేసే పని ఇదే. లోపలి కూరగాయల్లోని వేడిని తోడి వంటగదిలో పోస్తుంది. ఏసీ గదిలోని వేడిని తోడి వీధిలో పోస్తుంది. వేసవిలో ఏసీ బయటి పెట్టెకు నాలుగడుగుల దూరాన నిలబడి చూడండి, వేడిగాలి కొడుతుంది. దాన్ని మాత్రం తాకకండి. ఆ ఏసీనే వెనక్కు నడిపితే, వీధిలోని వేడి గదిలోకి వస్తుంది. హీట్ పంపు అంటే అంతే. అందువల్లనే అమెరికాలో ఒకే హీట్ పంపు చలికాలంలో వెచ్చదనాన్నీ, వేసవిలో చల్లదనాన్నీ ఇస్తుంది.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. ఇటువంటి యంత్రంతో భవనాలను వెచ్చబరచవచ్చునని బ్రిటనులో విలియం థామ్సను 1852లోనే రాశాడు. ఆయనకే తరవాత లార్డ్ కెల్విన్ అని పేరు వచ్చింది. ఆ తరవాత కొన్నేళ్ళకే ఆస్ట్రియాలో పీటర్ రిట్టింగర్ అనే ఇంజనీరు, ఎబెన్‌సే అనే ఊరి ఉప్పు కర్మాగారంలో ఉప్పునీటిని ఇగర్చటానికి ఈ పద్ధతిని ప్రయత్నించాడు. మన సముద్రతీరంలో ఆ పని ఎండ ఉచితంగా చేసిపెడుతుంది. ఎండ చాలని దేశంలో యంత్రం కావలసివచ్చింది! స్విట్జర్లాండులో జూరిచ్ నగరపు పాత సభాభవనాన్ని 1938లో నదినీటిలోని వేడిని తోడి వెచ్చబరిచారు. ఆ దేశానికి సొంత బొగ్గు లేకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

ఇంకో వింత చూడండి. 1833లో అమెరికాలోని బోస్టను నుంచి, చెరువుల మీద గడ్డకట్టిన ఐసును కోసి, ఓడలో కలకత్తాకు తెచ్చారు. అట్లా వచ్చిన ఐసును నిలవచేయటానికి 1842లో మద్రాసు సముద్రతీరాన ఐస్ హౌస్ కట్టారు. ఆ భవనం నేటికీ ఉంది, వివేకానందుడి పేరుతో. అమెరికా చలి మనకు సరుకుగా వచ్చిందన్నమాట! యంత్రాలతో ఐసు చేయటం వచ్చాక ఆ వర్తకం మూతబడింది. ఈనాడు బందరు రేవు చేపలకు, కొల్లేటి వైపు చేపలకు కావలసిన ఐసు దిమ్మలను ఫ్యాక్టరీలలోనే చేస్తున్నారు. అక్కడ నీటిలోని వేడిని తోడి బయట పారబోస్తారు. షికాగోలో బయటి వేడిని తోడి ఇంట్లో పోసుకుంటారు. పని ఒకటే, కావలసిన వైపు వేరు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. రెండింటిలో ఏది మంచిది?

ఒక యూనిట్ కరెంటుతో మామూలు హీటరు తీగ ఒక యూనిట్ వేడినే ఇస్తుంది. హీట్ పంపు అదే కరెంటుతో, బయట చలి ఓ మోస్తరుగా ఉంటే, మూడు యూనిట్లకు పైగా వేడిని ఇంట్లో పోస్తుంది. ఇందులో మాయ లేదు. ఒకటి కరెంటు ఇచ్చింది, రెండు బయటి గాలి ఇచ్చింది. కాని కాలవలో నీరు పల్లానికి దిగినకొద్దీ గూడ వేసేవారికి శ్రమ ఎక్కువై, నీరు తక్కువ వస్తుంది గదా! అట్లాగే చలి ముదిరినకొద్దీ హీట్ పంపు తెచ్చే వేడి తగ్గుతుంది. సున్నాకు దిగువన 15 డిగ్రీల దగ్గర, మంచి యంత్రం కూడా మూడింతలకు బదులు సుమారు రెండింతలు ఇస్తుంది. పైగా బయటి గొట్టాలకు మంచు పేరుకుంటే, దాన్ని కరిగించుకోవటానికి అప్పుడప్పుడు పని ఆపుకోవాలి.

చూశారా? పేరులో గొప్ప లేదు, ఎత్తులో ఉంది. బంగారం కరిగించటానికి హీట్ పంపు పనికిరాదు, అక్కడ కొలిమే కావాలి. గదిని 20 డిగ్రీలకు తేవటానికి కొలిమంత వేడి అక్కరలేదు, తోడుకోవటం సరిపోతుంది.

ఇక డబ్బు లెక్క. అమెరికాలో గ్యాసును చాలాచోట్ల థెర్ములలో కొలుస్తారు. ఒక థెర్ములోని వేడి సుమారు 29 యూనిట్ల కరెంటుకు సమానం. మంచి ఫర్నేసు అందులో సుమారు 28 యూనిట్లు ఇంటికి ఇస్తుంది. అంత వేడిని మూడింతలు ఇచ్చే హీట్ పంపుతో తేవాలంటే 9 యూనిట్లకు కాస్త పైగా కరెంటు కావాలి. కనుక మీ బాబాయి చూడవలసిన లెక్క ఇది: ఒక థెర్ము గ్యాసు ఖరీదు ఎక్కువా, 9 యూనిట్ల పైచిల్లర కరెంటు ఖరీదు ఎక్కువా? ఒక ఊళ్ళో థెర్ము ఒకటిన్నర డాలరు, యూనిట్ 15 సెంట్లు అనుకోండి. హీట్ పంపుకు సుమారు 1 డాలరు 40 సెంట్లు, ఫర్నేసుకు 1 డాలరు 50 సెంట్లు. పంపుదే కాస్త పైచేయి. అదే యూనిట్ 20 సెంట్లయితే పంపుకు 1 డాలరు 87 సెంట్లు. ఫర్నేసే చౌక. ఈ లెక్క ఎవరి బిల్లులతో వారు వేసుకోవాలి. పొరుగువారి బిల్లు పనికిరాదు.

పొగ లెక్క కూడా ఒకటుంది. మన ఇబ్రహీంపట్నం విద్యుత్ కేంద్రంలో బొగ్గు మండిస్తారు గదా. అటువంటి కేంద్రాలలో నూరు పాళ్ళ బొగ్గు వేడి నుంచి సుమారుగా మూడోవంతే కరెంటుగా మారుతుంది. ఆ కరెంటుతో హీటరు తీగ వెలిగిస్తే నూటికి 33 పాళ్ళ వేడే దక్కింది. హీట్ పంపు నడిపితే ఆ 33 మూడింతలై మళ్ళీ నూటికి చేరుతుంది. కరెంటు నీటి నుంచో, గాలి నుంచో, ఎండ నుంచో వస్తే మండించేదే ఉండదు. జలవిద్యుత్తు సమృద్ధిగా ఉన్న నార్వేలో సగానికి పైగా ఇళ్ళలో హీట్ పంపులున్నాయి. అది మంచు దేశమని మరిచిపోకండి. అమెరికాలో కూడా 2022లో గ్యాసు ఫర్నేసులకన్న హీట్ పంపులే ఎక్కువ అమ్ముడయాయి.

డబ్బుకన్న ముఖ్యమైన సంగతి ఒకటుంది, క్షేమం. మంట ఉన్నచోట గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. అందుకే ఫర్నేసు ఉన్న ఇంట్లో ఆ వాయువును పసికట్టి గంట మోగించే పరికరం తప్పక ఉండాలి. ఫర్నేసును ఏటేటా పరీక్ష చేయించాలి. మన దగ్గర కూడా తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవారు, గాలి ఆడని స్నానాలగదిలో గ్యాసు గీజరు వాడినవారు ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలున్నాయి. పెద్దలు ఈ మాట మరచిపోగూడదు. హీట్ పంపులో మంట లేదు, ఈ భయమూ లేదు.

మరి కరెంటు పోతే? 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ రాష్ట్రంలో విపరీతమైన చలి వచ్చి, లక్షలాది ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు లేకపోయింది. హీట్ పంపులు ఆగిపోయాయి. ఫర్నేసులు మాత్రం పనిచేశాయా? చాలావరకు అవీ ఆగాయి. గ్యాసు ఉన్నా, గాలి తోలే ఫ్యానుకు కరెంటు కావాలి గదా! దిక్కుతోచక కొందరు ఇళ్ళలో బొగ్గులు రాజేసుకుని, షెడ్డులో కారు ఇంజను నడిపి ఆ విషవాయువుకు బలి అయారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమకు ఈ పాఠం కొత్తది కాదు. ఏ యంత్రం కొన్నా, అది ఆగిన రోజున ఏం చేయాలో ముందే అనుకోవాలి.

అమ్మాయ్! మీ బాబాయికి ఇట్లా చెప్పు. అన్నిటికన్న ముందు ఇంటి కప్పునూ, కిటికీల సందులనూ చక్కగా మూయించమను. చిల్లుకుండలో నీరు ఎవరు తోడి పోసినా నిలవదు. తరవాత వాళ్ళ ఏసీ వయసెంతో చూడమను. అదీ పాతదే అయితే, రెండు యంత్రాల ఖర్చు ఒకే హీట్ పంపుతో తీరవచ్చు. షికాగో వంటి చోట నాకు తోచేది ఇది: సంవత్సరంలో ఎక్కువ రోజులకు హీట్ పంపు, గడ్డుచలి రోజులకు తోడుగా ఒక ఫర్నేసు. ఇటువంటి జోడు అక్కడ దొరుకుతుంది. ఏసీ కొత్తదై, గ్యాసు బాగా చౌకై ఉంటే ఫర్నేసు కొన్నందువల్ల తప్పులేదు. అట్లాంటా వంటి, చలి తక్కువ ఊళ్ళలో ఉన్నవారికి హీట్ పంపు ఒక్కటే చాలు.

ఇక మన మాట. మనకు ఇల్లు వెచ్చబరిచే పనిలేదు, స్నానానికి వేడినీళ్ళు కావాలి. దానికీ హీట్ పంపులు వచ్చాయి. కొనాలా? 15 లీటర్ల బకెట్టు నీటిని 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు కాచటానికి సుమారు పావు యూనిట్ చాలు. నలుగురున్న ఇంటికి రోజుకు ఒక యూనిట్. పంపు పెడితే మిగిలేది అందులో మూడింట రెండు వంతులు, అదీ చలి నెలల్లోనే. అంత చిన్న మిగులుకు ఖరీదైన యంత్రం దండగ. కాని 200 మంది పిల్లలున్న వసతి గృహం అయితే రోజుకు 50 యూనిట్ల పైమాట. పంపుతో 17, 18 యూనిట్లు. అక్కడ ఆ యంత్రం తన ఖరీదును తానే తీర్చుకుంటుంది. ఒకే వస్తువు ఒకచోట దండగ, ఒకచోట పొదుపు. ఏది ఏమిటో లెక్క వేస్తే గాని తెలియదు.

ఈ నెల మీకు రెండు ప్రశ్నలు:

1. వేసవి మధ్యాహ్నం గది తలుపులూ కిటికీలూ మూసి, ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంచితే, సాయంత్రానికి ఆ గది చల్లబడుతుందా, వేడెక్కుతుందా? ఎందువల్ల?

2. కాలవ నుంచి చేలోకి నీరు తోడే ఇంజనుకు, వేడిని తోడే హీట్ పంపుకు పోలికలు ఎన్ని? ఒక్క తేడా అయినా చెప్పగలరా?

మొదటిదాన్ని ఫ్రిజ్ తలుపు తెరిచి ప్రయోగం చేయకండి. కరెంటు బిల్లు వచ్చాక మీ నాన్నగారు నన్ను తిడతారు. బుర్రతోనే చేయండి. మంచి జవాబులను వచ్చే నెల పేజీలో వేస్తాను.